‘ఏమంటివి, ఏమంటివి’: ఆ సంభాషణ ఎక్కడిది, సరైన పాఠం ఏది?

తర్వాత చదివేవారి కోసం ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. మీ తాతగారు హుషారుగా ఉన్నప్పుడల్లా ఒక పౌరాణిక సంభాషణ గడగడా చదివేవారు. అందులో ‘క్షాత్ర పరీక్ష’ అన్న మాట మీకు గుర్తుంది. ఇప్పుడు మీ మేనల్లుడు బడి వార్షికోత్సవంలో దాన్నే ఏకపాత్రాభినయంగా చేస్తానంటున్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట ‘జాతి నెపమున’ అని, మరోచోట ‘మానవ జాతి నీచమా’ అని, ఎక్కడికక్కడ వేరే పాఠం దొరికింది. ఇది ఏ సినిమాలోది, ఎవరు రాశారు, భారతంలో నిజంగా ఉందా, ఏ పాఠాన్ని నమ్మాలి అని అడిగారు.

తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, ఏకపాత్రాభినయం పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చుంటూ బతికినవాణ్ణి. ఈ సంభాషణను పిల్లల నోట, పెద్దల నోట, మైకు పాడైపోయిన వేదికల మీద కూడా విన్నాను. కాబట్టి కొంచెం పొడవుగానే చెబుతాను, ఓపిక పట్టండి.

సినిమా ‘దాన వీర శూర కర్ణ’. 1977 సంక్రాంతికి వచ్చింది. నిర్మాత, దర్శకుడు ఎన్.టి. రామారావు. కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు ముగ్గురూ ఆయనే. మాటలు కొండవీటి వెంకటకవి. సూతుడి కొడుకు కర్ణుడికి అర్జునుడితో పోటీపడే అర్హత లేదని ద్రోణుడు అడ్డుపడినప్పుడు సుయోధనుడు, అంటే దుర్యోధనుడు, ఇచ్చే జవాబే ఈ సంభాషణ. ఆ పండక్కే ‘కురుక్షేత్రం’ కూడా విడుదలైంది కాబట్టి కొందరు ఈ సంభాషణను దాని ఖాతాలో వేస్తారు. అది పొరపాటు. ‘మానవ జాతి నీచమా’ అన్నది 2007లో వచ్చిన ‘యమదొంగ’లోది. అక్కడ జూనియర్ ఎన్.టి.ఆర్. యముడి కొలువులో తాతగారి సంభాషణ ఎత్తుగడనే తీసుకుని వేరే విషయం మాట్లాడతాడు. మొదటి రెండు మాటలూ ఒకటే కావడంతో, వాటిని పెట్టి వెతికితే రెండు సినిమాలూ కలిసిపోతాయి. మీకు జరిగింది అదే.

అందుకే వెతికేటప్పుడు అందరికీ తెలిసిన మొదటి మాటలు పెట్టకండి. సంభాషణ నడుమ ఇంకెక్కడా కనిపించని మాటలు ఉంటాయి, వాటిని పట్టుకోండి: ‘సూతసుతునకిందు’, ‘అస్మత్పితామహుడు’, ‘క్షేత్ర బీజ ప్రాధాన్యము’. వీటితో వెతికితే మిమిక్రీలు, పేరడీలు చాలావరకు వడకట్టుకుపోతాయి. సంధి కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి టైపు చేయండి. వసిష్ఠుడి పేరును మనవాళ్లు రాసే తీరులన్నీ ప్రయత్నించండి. ఆ తర్వాత ఎవరో టైపు చేసిన పాఠాన్ని పక్కనపెట్టి, సినిమాలో ఆ ఘట్టాన్నే పెట్టుకుని వినండి. నాలుగు గంటలకు దగ్గరగా ఉండే సినిమా కదా అని భయపడనక్కర్లేదు. కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన మొదటి భాగంలోనే వస్తుంది. వేగం తగ్గించి, ఒక్కో వాక్యం ఆపి, చేత్తో రాసుకోండి. సందేహం వచ్చిన మాటను ఇంటర్నెట్‌లోని ఆంధ్రభారతి నిఘంటువులో చూడండి. చెవికి వినిపించినదానికి అర్థం కుదరకపోతే మళ్లీ వినండి. ఒకప్పుడు ఈ సినిమా సంభాషణలు రికార్డుల మీద వచ్చి, పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో మోగాయి. మీ తాతగారి తరం సినిమా చూసినందుకంటే ఆ మైకుల పుణ్యాన నేర్చుకున్నదే ఎక్కువ. వాళ్ల నోట మాట తప్పుపోయేది కాదు. తప్పులన్నీ మనం టైపు చేయడం మొదలుపెట్టాక వచ్చినవే.

ఆ తప్పుల సంగతి చూద్దాం. అక్షరం మారితే ఈ సంభాషణలో తర్కమే కూలిపోతుంది.

మొదటిది, మీకు గుర్తున్న చోటే. సుయోధనుడు అనేది ‘ఇది క్షాత్ర పరీక్షయే గాని క్షత్రియ పరీక్ష కాదే’ అని. క్షాత్రం అంటే శౌర్యం, క్షత్రియత్వం అంటే పుట్టుక. జరుగుతున్నది బలానికి పరీక్షా, పుట్టుకకు పరీక్షా అన్నదే మొత్తం వాదం. చాలా పాఠాల్లో రెండుచోట్లా ‘క్షత్రియ’ అనే ఉంటుంది. అలా చదివితే ఆ వాక్యానికి అర్థమే లేదు, అయినా చప్పట్లు పడుతూనే ఉంటాయి.

రెండోది ‘శాంతనవుడు’. దీన్ని ‘శంతనుడు’ అని రాసిన పాఠం దొరికితే వెంటనే మూసేయండి. శాంతనవుడు అంటే శంతనుడి కొడుకు, భీష్ముడు. ‘ఈ శాంతనవుడు’ అని సుయోధనుడు ఎదురుగా కూర్చున్న తాతను చూపిస్తున్నాడు. గంగ కడుపున పుట్టింది భీష్ముడు, శంతనుడు కాదు. ఆ పక్కనే ఉన్న ‘శివసముద్రుల భార్య’ కూడా ఊరి పేరులా మారిపోతుంటుంది. గంగ శివుడికీ భార్యే, నదులన్నిటికీ భర్త సముద్రుడు కాబట్టి అతడికీ భార్యే అని పురాణాలు అంటాయి. అలాంటి ఆమె శంతనుడికి కన్న కొడుకుది ఏ కులం అని అడుగుతున్నాడు.

మూడోది విదురుడి విశేషణం. ‘ధర్మనిర్మాణ జనుడు’ అని రాస్తారు. అక్కడ కుదిరే మాట ‘చణుడు’. ‘చణ’ చివర చేరితే ‘అందులో పేరుపొందినవాడు’ అని అర్థం. ధర్మాన్ని నిర్మించడంలో పేరుమోసినవాడు విదురుడు. ‘జనుడు’ అంటే అక్కడ ఏమీ లేదు. ఇక చివర్లో వీరగంధాలు చల్లమనేచోట ఒక పెద్ద సమాసం వస్తుంది. అది ఏ రెండు పాఠాల్లోనూ ఒకేలా ఉండదు. అక్కడ మీ చెవినే నమ్ముకోండి.

ఇప్పుడు భారతంలో ఉందా అన్న ప్రశ్న. ఉంది, కానీ ఇలా లేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

వ్యాసభారతం ఆదిపర్వంలో, భండార్కర్ సంస్థ పరిష్కరించిన ప్రతి ప్రకారం 126, 127 అధ్యాయాల్లో, కథ ఇలా నడుస్తుంది. కర్ణుడు రంగంలోకి వచ్చి అర్జునుణ్ణి సవాలు చేస్తాడు. అడ్డుపడేది ద్రోణుడు కాదు, కృపుడు. నీ తల్లిదండ్రులెవరో, ఏ వంశమో చెప్పు, రాజకుమారులు తక్కువవాళ్లతో పోరాడరు అంటాడు. కర్ణుడు తల దించుకుంటాడు. దుర్యోధనుడు లేచి, శాస్త్రం ప్రకారం రాజులు మూడు రకాలు, మంచి కులంలో పుట్టినవాడు, శూరుడు, సేనను నడిపేవాడు అని చెప్పి, అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేయిస్తాడు. అంతలో ముసలి అధిరథుడు చెమటలు కక్కుతూ, పైబట్ట జారిపోతూ వస్తాడు. అభిషేకజలంతో తడిసిన తలను కర్ణుడు తండ్రి పాదాలకు వంచుతాడు. అది చూసి భీముడు, నీకు తగినది చర్నాకోల, వెళ్లి పట్టుకో అని ఎగతాళి చేస్తాడు. దుర్యోధనుడి దీర్ఘ సంభాషణ వచ్చేది అప్పుడు, భీముడికి జవాబుగా. శూరుల పుట్టుక, నదుల పుట్టుక ఎవరికి తెలుస్తాయి? నీటిలోంచి నిప్పు పుట్టలేదా? దధీచి ఎముకల్లోంచి వజ్రాయుధం రాలేదా? ద్రోణుడు కలశంలో పుట్టలేదా, కృపుడు రెల్లుగడ్డిలో పుట్టలేదా? చివరగా, మీ పుట్టుకలు ఎలాంటివో మాకు తెలియవా అని పాండవులకు ఒక పోటు పొడుస్తాడు. కవచకుండలాలతో పుట్టిన ఇలాంటి పులిని లేడి కంటుందా అని కూడా అడుగుతాడు. నన్నయ ఈ వాదాన్ని ఆదిపర్వం ఆరో ఆశ్వాసంలో తెలుగు చేశాడు. తిరుమల తిరుపతి దేవస్థానం వ్యాఖ్యానంతో వేసిన కవిత్రయ భారతం దొరికితే ఆ ఘట్టం తప్పక చదవండి.

దీన్ని సినిమా పక్కన పెట్టి చూడండి. వెంకటకవి మూడు మార్పులు చేశారు.

అడ్డుపడే ఆచార్యుడిగా కృపుడి బదులు ద్రోణుణ్ణి నిలబెట్టారు. వ్యాసుడిలో ద్రోణుడి కుండ ఉదాహరణల జాబితాలో ఒకటి. సినిమాలో అది ఎదుటివాడి ముఖాన కొట్టిన దెబ్బ: ‘మట్టికుండలో పుట్టితివి కదా, నీది ఏ కులము?’

రెండు, క్రమం తిరగేశారు. వ్యాసుడిలో కిరీటం ముందు, వాదం తర్వాత. ఇక్కడ వాదం ముందు, ఆ తర్వాత ‘ఓహో, రాచరికమా అర్హతను నిర్ణయించునది’ అంటూ కిరీటం. నాటకం తెలిసినవాడు చేసే పని ఇది. వాదం పైకెక్కి ఎక్కి సింహాసనం దగ్గర ఆగాలి కానీ, సింహాసనం వేసేశాక మొదలుకాకూడదు.

మూడోదే అసలైనది. వ్యాసుడి దుర్యోధనుడు చివరికి వేలు చూపించేది శత్రువుల పుట్టుక వైపు. వెంకటకవి సుయోధనుడు తన సొంత ఇంటి తలుపు బార్లా తెరుస్తాడు. ‘నాతో చెప్పింతువేమయ్యా’ అన్న చిన్న వాక్యం దగ్గర మలుపు తిరుగుతుంది. అప్పటిదాకా నీ కులం, ఈయన కులం. అక్కడి నుంచి మా కులం. వసిష్ఠుడు ఊర్వశి కొడుకు, అతడికి అరుంధతి యందు శక్తి, శక్తికి పరాశరుడు, పరాశరుడికి మత్స్యగంధి యందు వ్యాసుడు, వ్యాసుడికి అంబిక యందు తన తండ్రి, అంబాలిక యందు పినతండ్రి పాండురాజు, ఇంటి దాసి యందు విదురుడు. పాండురాజును లాగాడంటే శత్రుపక్షం అనుకోవచ్చు. అంతకుముందే ధృతరాష్ట్రుణ్ణి కూడా అదే తాడుకు కట్టాడు. కన్నతండ్రి సభలో ఉండగా!

ఆ వాక్యం కట్టిన తీరు కాస్త దగ్గరగా చూడండి. శక్తిని, పరాశరుని, వ్యాసుని, తండ్రిని, పాండురాజును, విదురదేవుని, ఇన్ని కర్మపదాలు వరుసగా వస్తాయి, క్రియ రాదు. వినేవాడు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. అన్నిటికీ కలిపి చివర ఒక్కటే క్రియ: ‘కనలేదా?’ క్రియను చివరకు నెట్టగలిగిన తెలుగు వాక్యానికి ఉన్న బలం అంతా అందులో వాడుకున్నారు. తరాలు మారుతున్నకొద్దీ కథ దూరపు రుషి నుంచి పక్కన కూర్చున్న బాబాయి దాకా వచ్చేస్తుంది. మొదట్లో ‘ఆ శక్తి’, ‘ఆ పరాశరుడు’, చివరికి వచ్చేసరికి ‘ఈ విదురదేవుని’. ఆ ‘ఈ’ దగ్గర చెయ్యి చాపాలి. గద తిప్పడం మీద ఉన్న శ్రద్ధ పోటీల్లో కుర్రవాళ్లకు ఈ ఒక్క అక్షరం మీద ఉండదు.

ఇందులో ఒక లాయరు తెలివి కూడా ఉంది. కురువంశానికి మూలపురుషుడు వసిష్ఠుడు ఎలా అయ్యాడు? వంశవృక్షం ప్రకారం వీళ్లు చంద్రవంశం, పూరుడి సంతతి, కురుడి సంతతి. వసిష్ఠుడి రక్తం వచ్చింది వ్యాసుడి వల్ల, అంటే నియోగం వల్ల, చనిపోయిన భర్త వంశం కోసం భార్య వేరొకరి వల్ల బిడ్డను కనడం వల్ల. కొడుకు ఎవరివాడు, క్షేత్రం (అంటే భార్య) ఎవరిదో వాడివాడా, బీజం ఎవరిదో వాడివాడా అన్నది ధర్మశాస్త్రాల్లో పాత వ్యాజ్యం. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో దీనిమీద పెద్ద చర్చే ఉంది. రాజ్యం కావలసివచ్చినప్పుడు కౌరవులు విచిత్రవీర్యుడి క్షేత్రాన్ని చూపించారు. ఇక్కడ వాదం గెలవాలి కాబట్టి సుయోధనుడు బీజాన్ని చూపిస్తున్నాడు. పైగా ‘సందర్భావసరములను బట్టి’ అని ఆ కిటుకును తనే ఒప్పేసుకుంటాడు. మా పెద్దలు అవసరానికి తగ్గట్టు రెండూ వాడుకున్నారు, నేనెందుకు వాడుకోకూడదు అన్నట్టు.

ఈ జాబితా వెంకటకవి సొంత కల్పన కూడా కాదు. వజ్రసూచికోపనిషత్తు కులం పుట్టుకతో రాదని వాదిస్తూ ఇలాంటి వరుసే ఇస్తుంది: వ్యాసుడు జాలరి కన్యకు, వసిష్ఠుడు ఊర్వశికి, అగస్త్యుడు కలశంలో పుట్టారు అని. అరుంధతి విషయానికి వస్తే, మనుస్మృతే వసిష్ఠుడి భార్య అక్షమాల తక్కువ పుట్టుక పుట్టి భర్త వల్ల పూజ్యురాలైందని అంటుంది. మన తెలుగునేల మీద మాదిగలు అరుంధతీయులుగా తమను చెప్పుకోవడం మీకు తెలిసిందే. కాబట్టి ‘పంచమజాతి కన్యయైన అరుంధతి’ అన్నప్పుడు తెలుగు ప్రేక్షకుడికి అది పుస్తకాల్లోంచి ఊడిపడిన మాట కాదు, ఊళ్లో విన్న కథ. పరాశరుడి తల్లి గురించి మాత్రం జాగ్రత్త. భారతంలో ఆమె అదృశ్యంతి, అక్కడ ఆమెను చండాలాంగన అనలేదు. ఆ మాట పురాణాల్లో దొరికే మరో సంప్రదాయం నుంచి వచ్చింది. ఎవరైనా ‘ఇదంతా భారతంలో ఉన్నదే’ అని చెబితే ఈ ఒక్కటి అడగండి.

రాసిన మనిషి గురించి కొంచెం. కొండవీటి వెంకటకవి (1918–1991) గుంటూరు జిల్లావారు. సంస్కృతాంధ్ర పండితులు, పొన్నూరు సంస్కృత కళాశాలలో పనిచేశారు, హేతువాది. ఈ మూడూ ఒకచోట కలవకపోతే ఈ సంభాషణ పుట్టదు. ఆ ప్రాంతంలో పురాణాలను తిరగేసి ప్రశ్నించే ఒరవడి అప్పటికే ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ ఆ ఒరవడిలోదే. మరోవైపు తిరుపతి వెంకటకవుల ఉద్యోగవిజయాల పద్యాలు ఊరూరా నోటికొచ్చినవాళ్లు ఉన్నారు. ఈ సినిమాలోనూ రాయబారం ఘట్టానికి వాళ్ల పద్యాలే వాడారు. పద్యానికి అలవాటుపడిన చెవికి, రాగం లేకుండా, వట్టి వచనంతో అంత ఊపు ఇవ్వడం చిన్న పని కాదు. ఎన్.టి. రామారావుకు ఈ పాత్ర కొత్తది కాదు. తను దర్శకత్వం వహించిన ‘శ్రీకృష్ణపాండవీయం’ (1966)లోనే దుర్యోధనుడు వేశారు. కానీ అక్కడ ఇలాంటి మాటలు లేవు. ఇంకో ముచ్చట: ఈ ఘట్టంలో కర్ణుడూ ఆయనే, సుయోధనుడూ ఆయనే. తల వంచుకుని నిలబడినవాడూ తనే, వాణ్ణి తలెత్తించేవాడూ తనే.

ఇంత మెచ్చుకున్నాక ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. మీరు అడగలేదు కానీ పిల్లవాడి చేత చెప్పిస్తున్నారు కాబట్టి. ఇది కులాన్ని కాదన్న సంభాషణ అని అందరూ అంటారు. సగమే నిజం. వాదం ముగిసేది కులం వ్యర్థవాదం అని. కానీ అక్కడిదాకా వెళ్లడానికి పట్టుకున్న కర్ర కులమే. ద్రోణుడి పుట్టుక ‘జుగుప్సాకరం’, ఊర్వశి ‘దేవవేశ్య’, అంబిక, అంబాలికలు ‘విధవరాండ్రు’. ఆ ఆడవాళ్ల పుట్టుకలూ బతుకులూ మచ్చలు అని ఒప్పుకుంటేనే ‘మా వంశం ఏనాడో కులహీనమైనది’ అన్న మాటకు దెబ్బ ఉంటుంది. పైగా కర్ణుడికి చివరికి దొరికింది ఏమిటి? పోటీలో చోటు కాదు, రాజ్యం. రాజు కానివాడు అర్జునుడి ముందు నిలబడవచ్చు అని సుయోధనుడు గెలిపించలేదు. వాణ్ణి రాజును చేసి నిబంధనను అలాగే ఉంచాడు. అర్జునుడికి సరిజోడు తన పక్షాన ఒకడు కావాలన్న లెక్క కూడా ఉంది. ఇవన్నీ తెలిసి కూడా ఆ ఘట్టం వస్తే నేను కుర్చీలోంచి ముందుకు వంగుతాను. పాత్ర మంచివాడు కాబట్టి కాదు, ఆ క్షణంలో సభలో అందరి నోరూ మూయించాడు కాబట్టి.

ఇక మీ మేనల్లుడి సంగతి. పూర్తి పాఠం పట్టాభిషేకం ఆజ్ఞల దాకా ఉంటుంది: దుశ్శాసనుడికి కిరీటం తెమ్మని, మామకు సింహాసనం తెప్పించమని, వందిమాగధులకు కైవారం చేయమని, చివర ‘కుల కలంక మహాపంకిలమును శాశ్వతముగ ప్రక్షాళన గావించెదను’ అన్న ప్రతిజ్ఞ. చాలామంది ‘వ్యర్థవాదమెందులకు’ దగ్గర ఆపేస్తారు. అలా చేయకండి, ఆజ్ఞల భాగంలోనే పిల్లవాడు వేదికంతా తిరిగి నటించడానికి చోటు దొరుకుతుంది. బడి వేదిక కాబట్టి ‘జుగుప్సాకరమైన’ నుంచి సంభవం గురించిన ప్రశ్న దాకా ఒక వాక్యం తీసేయవచ్చు. భరద్వాజుడి ప్రస్తావన నుంచి నేరుగా మట్టికుండకు వస్తే అతుకు కనిపించదు. వంశావళి మాత్రం ఉంచాలా, తీసేయాలా అన్నది తరగతి ఉపాధ్యాయులతో ముందే మాట్లాడండి. అందులో ‘పంచమజాతి’, ‘చండాలాంగన’ వంటి మాటలున్నాయి. చప్పట్ల కోసం వాటిని ఒత్తి పలికితే ఎదురుగా కూర్చున్న ఏ పిల్లవాడికైనా మనసు చివుక్కుమంటుంది. తీసేయాలనుకుంటే గొలుసు మొత్తం తీసేయండి. ‘నాతో చెప్పింతువేమయ్యా’ నుంచి ‘కనలేదా’ వరకు వదిలి, ‘సంకరమైన మా కురువంశము’ దగ్గర అందుకోమనండి. మధ్యలో ఒక్కో మాట కొరికితే ఆ కర్మపదాల వరుస చెడి, పిల్లవాడు కచ్చితంగా అక్కడే తడబడతాడు.

ఉంచేట్టయితే, ముందు ‘కనలేదా’తో మొదలుపెట్టి వెనక్కి నేర్పండి. చివరి ముక్క, తర్వాత దాని ముందు ముక్క, అలా. ఊపిరి తీసుకునే చోట్లు రెండే: ‘వ్యాసుని’ తర్వాత ఒకటి, ‘పాండురాజును’ తర్వాత ఒకటి. ‘నాతో చెప్పింతువేమయ్యా’ దగ్గర అరవనివ్వకండి, గొంతు తగ్గించమనండి. మైకుకు, నోటికి మధ్య జానెడు దూరం ఉంచమని కూడా చెప్పండి, ‘హహ్హ’ అన్నప్పుడు స్పీకర్లు అదిరిపోతాయి.